షోరూమ్ ఎస్టిమేట్‌కి సరే అనే ముందు: కారులో చిన్న రిపేర్లు మీరే తేల్చుకోవడం ఎలా

ఏసీ ఫ్యాను నాలుగో నంబరులో మాత్రమే తిరుగుతోంది. ఒకటి, రెండు, మూడులో ఉలుకూ పలుకూ లేదు. కంపెనీ సర్వీస్ సెంటర్‌కి తీసుకెళ్తే బ్లోయర్ అసెంబ్లీ (ఫ్యాను, మోటారు అన్నీ కలిసిన సెట్టు) మొత్తం మార్చాలని ఎస్టిమేట్ చేతిలో పెట్టొచ్చు. కానీ నాలుగో నంబరులో గట్టిగా తిరుగుతోందంటే మోటారు దాదాపు బాగానే ఉన్నట్టు. పోయింది సాధారణంగా దాని పక్కనే రెండు స్క్రూలతో బిగించి ఉండే, ఫ్యాను వేగాన్ని తగ్గించే రెసిస్టర్. అరచేతిలో పట్టే ముక్క. ఎస్టిమేట్‌లో వేసిన మొత్తానికీ దాని ధరకీ పొంతనే ఉండదు.

దీన్ని మోసం అనేయడం తేలిక. సర్వీస్ సెంటర్ వైపు నుంచి చూస్తే మాత్రం దీనికీ ఒక లెక్క ఉంది. అక్కడ పని గంటల చొప్పున నడుస్తుంది. లోపలి ముక్కను విప్పి, పరీక్షించి, బాగుచేసేలోపు ఇంకో కారు పని అయిపోతుంది. బాగుచేసింది మళ్లీ పాడైతే మాట పడాల్సింది వాళ్లే. పైగా చాలా కంపెనీలు లోపలి ముక్కలను విడిగా అమ్మవు, క్యాటలాగ్‌లో పార్ట్ నంబరు ఉండేది అసెంబ్లీకే. అందుకే వాళ్లు ‘ఏ అసెంబ్లీలో సమస్య ఉంది’ అన్న దగ్గర ఆగిపోతారు. మీరు ఇంకో అడుగు లోపలికి వెళ్లి ‘అందులో ఏ ముక్క పోయింది’ అని అడగాలి. డబ్బు మిగిలేది ఆ ఒక్క అడుగులోనే.

ముందు ఎస్టిమేట్ చదవండి

నోటిమాట వద్దు, కాగితం మీద తీసుకోండి. మారుస్తామన్న ప్రతి పార్టుకీ పేరు, పార్ట్ నంబరు, ధర ఉండాలి. లేబర్ ఛార్జీ విడిగా ఉండాలి. అన్నిటికంటే ముఖ్యంగా ఒక్క ప్రశ్న అడగండి: “ఇది పోయిందని ఏ పరీక్ష చేసి తేల్చారు?” సరిగ్గా చూసినవాళ్లు వెంటనే చెప్తారు, వోల్టేజ్ ఇంత వచ్చిందనో, స్కానర్‌లో ఈ కోడ్ వచ్చిందనో. “మామూలుగా ఇదే పోతుంది సార్” అన్నారంటే ఇంకా తేలలేదన్నమాట.

తర్వాత వారంటీ చూసుకోండి. వారంటీ ఉన్నంతకాలం మీరు స్క్రూడ్రైవర్ పట్టుకోవాల్సిన పని లేదు, అసెంబ్లీ అయినా సరే వాళ్లనే మార్చనివ్వండి. కారుకి అక్షరాలూ అంకెలూ కలిపి 17 ఉండే వీఐఎన్ (ఆ కారు గుర్తింపు) నంబరు ఉంటుంది. రిజిస్ట్రేషన్ కాగితాల్లో దొరుకుతుంది, చాలా కార్లలో ముందు అద్దం కింద మూల కూడా కనిపిస్తుంది. దాన్ని తయారీదారు వెబ్‌సైట్‌లో కొట్టి రీకాల్ (తయారీ లోపం సరిచేయడానికి కంపెనీ కార్లను వెనక్కి పిలవడం) ఏమైనా ఉందేమో చూడండి. రీకాల్ కింద వచ్చే పనిని కంపెనీ ఉచితంగా చేస్తుంది. డబ్బు కట్టాక ఈ సంగతి తెలిస్తే ఆ కడుపుమంట వేరు.

పోయిందేమిటో తేల్చుకోండి

ఇంట్లో రెండు వస్తువులు ఉంటే చాలు: వోల్టేజ్ కొలిచే ఒక మల్టీమీటర్, కారు కంప్యూటర్ దాచిన లోపాల కోడ్‌లను చదివే ఒక ఓబీడీ స్కానర్. రెండూ మామూలువే సరిపోతాయి.

స్కానర్ పెట్టే 16 పిన్నుల సాకెట్ స్టీరింగ్ కింద డ్యాష్‌బోర్డ్ అడుగున ఉంటుంది. అమెరికాలో 1996 నుంచి, యూరప్‌లో పెట్రోలు కార్లకు 2001 నుంచి ఇది తప్పనిసరి. చెక్ ఇంజిన్ లైటు వెలిగితే స్కానర్ పెట్టి కోడ్ చదివి రాసుకోండి. లైటు చూస్తే టెన్షన్‌గా ఉందని ముందే చెరిపేయకండి. కోడ్‌తో పాటు ఆ క్షణంలో ఇంజిన్ వేడి, వేగం, లోడు ఎంతున్నాయో కూడా కంప్యూటర్ దాచి ఉంచుతుంది. చెరిపితే అదీ పోతుంది. బ్యాటరీ తీగ పీకినా చాలా కార్లలో అంతే.

ఇక్కడే ఎక్కువమంది పొరపాటు పడతారు. కోడ్ లక్షణం చెప్తుంది, పోయిన పార్టు పేరు చెప్పదు. పీ0171 అంటే ఇంజిన్‌కి గాలి ఎక్కువ, ఇంధనం తక్కువ అందుతోందని అర్థం. అది చూసి ఆక్సిజన్ సెన్సర్ మార్చేవాళ్లున్నారు. చాలాసార్లు అసలు కారణం ఎక్కడో చీలిన రబ్బరు గొట్టం, లేకపోతే ఇంజిన్‌లోకి పోయే గాలిని కొలిచే, మట్టి పట్టిన గాలి సెన్సర్. పీ0420 వస్తే పొగలోని విషవాయువులను తగ్గించే క్యాటలిటిక్ కన్వర్టర్ మార్చాలంటారు. కారులో బాగా ఖరీదైన పార్టుల్లో అదొకటి. దానికి సరే అనే ముందు సైలెన్సర్ గొట్టంలో లీకు ఉందేమో, ఇంజిన్ మిస్ అవుతోందేమో (ఏదైనా సిలిండర్‌లో ఇంధనం సరిగా మండకపోవడం, దీన్నే మిస్‌ఫైర్ అంటారు) చూపించుకోండి. అవి ఉన్నా ఆ కోడ్ రావచ్చు. మిస్‌ఫైర్‌ను అలాగే వదిలేస్తే కొత్త కన్వర్టర్ కూడా కాలిపోతుంది.

పీ0301 అంటే మొదటి సిలిండర్ సరిగా మండడం లేదని. స్పార్క్ ప్లగ్‌కి కరెంటునిచ్చే ఇగ్నిషన్ కాయిల్ ఒక్కో సిలిండర్‌కి ఒక్కోటి ఉన్న కారయితే దీన్ని పైసా ఖర్చు లేకుండా తేల్చవచ్చు. ఇంజిన్ చల్లారాక, ఆపి, మొదటి సిలిండర్ కాయిల్ తీసి రెండోదానికి, రెండోది మొదటిదానికి పెట్టండి. కోడ్ చెరిపి కాసేపు నడపండి. ఈసారి పీ0302 వస్తే కాయిల్ పోయినట్టే, ఒక్కటి మారిస్తే చాలు. కోడ్ పీ0301 దగ్గరే ఉండిపోతే కాయిల్ తప్పు లేదు, స్పార్క్ ప్లగ్‌నీ ఇంజెక్టర్‌నీ చూడాలి. ఈ అదలాబదలీ పద్ధతి రిలేలకూ (కరెంటుతో పనిచేసే చిన్న స్విచ్చులు) పనికొస్తుంది. హారన్ మోగకపోతే ముందు ఫ్యూజు చూసి, ఆ తర్వాత ఫ్యూజు బాక్సులో అదే నంబరున్న ఇంకో రిలేతో మార్చి చూడండి.

ఇక మల్టీమీటర్. కారు కొన్ని గంటలు ఆగి ఉన్నాక బ్యాటరీ మీద 12.6 వోల్టులు చూపిస్తే నిండుగా ఉన్నట్టు. 12.4 అంటే ముప్పావు వంతు, 12 దగ్గరుంటే దాదాపు ఖాళీ. ఇంజిన్ నడుస్తున్నప్పుడు సాధారణంగా 13.5 నుంచి 14.7 మధ్య రావాలి. కొత్త కార్లలో కొన్ని కంప్యూటర్ ఆజ్ఞ ప్రకారం ఛార్జింగ్‌ని తగ్గిస్తూ పెంచుతూ ఉంటాయి కాబట్టి ఒక్క క్షణం అంకె తగ్గిందని బ్యాటరీని ఛార్జ్ చేసే ఆల్టర్నేటర్‌ను అనుమానించకండి.

స్టార్ట్ కావడం లేదంటే ఇంకో పరీక్ష ఉంది, దీన్ని చాలామంది చేయరు. మీటర్ ఒక తీగను బ్యాటరీ సీసం గుబ్బ మీద, రెండోదాన్ని దానికి బిగించిన క్లాంపు మీద పెట్టి ఎవరినైనా సెల్ఫ్ కొట్టమనండి. అంకె సున్నాకి దగ్గరగా ఉండాలి. అర వోల్టు చూపించిందంటే కరెంటు అక్కడే ఆగిపోతోంది. తెల్లగానో పచ్చగానో పొడి పట్టిన టెర్మినల్ వల్ల మంచి బ్యాటరీలు, మంచి స్టార్టర్ మోటార్లు బలైపోతుంటాయి. మందు వంట సోడా. ముందు నెగటివ్ తీగ తీయండి, తర్వాత పాజిటివ్. సోడా కలిపిన నీళ్లతో పాత టూత్ బ్రష్ పెట్టి రుద్ది, బ్యాటరీ మూతల్లోకి నీళ్లు పోకుండా కడిగి, ఆరబెట్టండి. బిగించేటప్పుడు పాజిటివ్ ముందు, నెగటివ్ చివర. పైన పలచగా పెట్రోలియం జెల్లీ రాయండి. చేతికి గ్లవుజులు, కళ్లకు అద్దాలు మర్చిపోవద్దు, ఆ పొడి వెనక ఉన్నది యాసిడ్.

చేయి పెట్టదగ్గ పనులు

మొదట చెప్పిన బ్లోయర్ రెసిస్టర్ సంగతి పూర్తి చేద్దాం. చాలా కార్లలో అది గ్లవ్ బాక్స్ వెనక, గాలి గొట్టానికే బిగించి ఉంటుంది. ఆ గాలే దాన్ని చల్లబరుస్తుంది. ప్లగ్గు ఊడదీసినప్పుడు ప్లాస్టిక్ కరిగి నల్లబడిందేమో చూడండి. నల్లబడితే రెసిస్టర్ ఒక్కటి మారిస్తే లాభం లేదు, ప్లగ్గు కూడా మార్చాలి. అసలు ఎందుకు కాలిందో కూడా వెతకాలి. క్యాబిన్ ఫిల్టర్ దుమ్ముతో పూడిపోయి చల్లగాలి తగలకపోవడమో, మోటారు బేరింగ్ ఎండిపోయి ఎక్కువ కరెంటు లాగడమో కారణం కావచ్చు. ఆటోమేటిక్ ఏసీ ఉన్న కార్లలో రెసిస్టర్ బదులు ఎలక్ట్రానిక్ మాడ్యూల్ ఉంటుంది, దానికి ఈ ‘నాలుగో నంబరు’ లక్షణం వర్తించదు.

రిమోట్ తాళం దగ్గరికి వెళ్తేనే పనిచేస్తోందంటే లోపల సెల్ అయిపోవస్తోందన్నమాట. ఎక్కువ తాళాల్లో సీఆర్2032 ఉంటుంది, అయినా మూత తెరిచి పాతదాని మీద నంబరు చూసే కొనండి. ఒక్క బటన్ మాత్రమే మొరాయిస్తే లోపలి బోర్డును ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి చూడండి. తాళం పెంకు పగిలితే పెంకు మాత్రమే విడిగా దొరుకుతుంది, పాత బోర్డును అందులోకి మార్చుకుంటే కొత్త తాళం ప్రోగ్రామింగ్ ఖర్చు తప్పుతుంది. ఒక్క జాగ్రత్త: కొన్ని తాళాల్లో ఇమ్మొబిలైజర్ చిప్ (ఇంజిన్ స్టార్ట్ కావడానికి అనుమతిచ్చేది) బోర్డు మీద ఉండదు, పెంకు గోడకి అతుక్కుని బియ్యపు గింజకంటే కాస్త పెద్దగా ఉంటుంది. దాన్ని పాత పెంకుతో పాటు చెత్తలో వేస్తే తలుపు తెరుచుకుంటుంది గానీ ఇంజిన్ స్టార్ట్ కాదు.

డోర్ అద్దం నెమ్మదిగా ఎక్కుతుంటే మోటారు మార్చేయాలనుకోకండి. అద్దం జారే రబ్బరు గాడిలో మట్టి చేరి ఉంటుంది. తడిగుడ్డ చుట్టిన పలచని ప్లాస్టిక్ ముక్కతో గాడి మొత్తం తుడిచి, ఆరాక సిలికాన్ స్ప్రే కొట్టండి. తుప్పు వదిలించే నూనె స్ప్రేని ఇక్కడ వాడొద్దు, అది దుమ్ము పట్టించి రబ్బరును ఉబ్బిస్తుంది. ఆ ఒక్క డబ్బాతో కారంతా బాగుచేయవచ్చనుకునేవాళ్లని చూస్తే నాకు జాలి వేస్తుంది. అద్దం అసలు కదలకపోతే అదే డోర్‌లోని స్విచ్చుతోనూ, డ్రైవర్ దగ్గరి స్విచ్చుతోనూ నొక్కి చూడండి. ఒకదానితో కదిలి ఇంకోదానితో కదలకపోతే మోటారు క్షేమం, తప్పు స్విచ్చుదో దాని వైరుదో.

పసుపుబారిన హెడ్‌లైట్ల గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే రెండు లైట్ల అసెంబ్లీలు మార్చడం చిన్న ఖర్చు కాదు. ఈ అద్దం నిజానికి పాలికార్బొనేట్ అనే ప్లాస్టిక్. ఎండ తట్టుకోవడానికి దాని మీద ఒక పూత ఉంటుంది. ఏళ్లు గడిచేకొద్దీ ఆ పూత చెడి పసుపుగా, పొరలుగా మారుతుంది. ముందు లైటును బాగా కడిగి, చేత్తో తడిమి చూడండి. మసక బయటివైపు ఉంటేనే ఈ పని. లోపల నీటి ఆవిరో, పొగలాంటి పొరో ఉంటే పైన ఎంత రుద్దినా పోదు.

చుట్టూ ఉన్న పెయింటుకి మాస్కింగ్ టేపు రెండు వరసలు వేయండి. పూత పొరలుగా లేస్తుంటే 800 నంబరు వాటర్ పేపర్‌తో మొదలుపెట్టండి, మామూలు పసుపయితే 1500 చాలు. పేపరూ లైటూ ఎప్పుడూ తడిగా ఉండాలి. మొదట్లో పసుపుపచ్చని నీళ్లు కారతాయి, అవి తెల్లగా మారేదాకా రుద్దండి. తెల్లబడ్డాయంటే చెడిన పూత పోయినట్టు. తర్వాత 2000, ఆపైన 3000. నంబరు మారినప్పుడల్లా రుద్దే దిశ మార్చండి, ఒకసారి అడ్డంగా, ఒకసారి నిలువుగా. అప్పుడే పాత గీతలు పోయాయో లేదో కంటికి తెలుస్తుంది. ఈ దశలో లైటు పాలగాజులా మసగ్గా కనిపిస్తుంది, కంగారు పడకండి. పాలిష్ కాంపౌండ్ పెట్టి రుద్దితే తేటపడుతుంది.

చాలామంది ఇక్కడితో ఆపేస్తారు. అలా ఆపితే కొద్ది నెలల్లో మళ్లీ పసుపు వస్తుంది, ఈసారి ముందుకంటే త్వరగా, ఎందుకంటే ఎండను ఆపే పూతను మీరే గీకేశారు. కాబట్టి ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో జిడ్డు తుడిచి, యూవీ రక్షణ ఉన్న క్లియర్ కోటింగ్ వేయండి. డబ్బా మీద చెప్పినంతసేపు ఆరనివ్వండి. టూత్‌పేస్ట్‌తో మెరిపించే వీడియోలు చూసే ఉంటారు. మెరుస్తుంది నిజమే, వీడియో తీసేంతసేపు మెరిస్తే చాలనుకునేవాళ్లకి అది బాగానే ఉంటుంది.

ఇంజిన్ ఐడిల్‌లో (కారు కదలకుండా ఇంజిన్ నడుస్తున్నప్పుడు) ఊగిసలాడుతుంటే, ఇంజిన్‌లోకి గాలిని వదిలే థ్రాటిల్ బాడీ, గాలి సెన్సర్ (ఎంఏఎఫ్) శుభ్రం చేసి చూడవచ్చు. గాలి సెన్సర్‌కి దాని కోసమే అమ్మే ఎంఏఎఫ్ క్లీనర్ వాడాలి. కార్బ్యురేటర్ క్లీనర్ దాన్ని పాడుచేస్తుంది. లోపలి సన్న తీగను వేలితో గానీ దూదితో గానీ తాకకండి, స్ప్రే కొట్టి పూర్తిగా ఆరాకే బిగించండి. థ్రాటిల్ రెక్కను మాత్రం తాళం ఆన్‌లో ఉండగా చేత్తో తోయొద్దు. మోటారుతో కదిలే గేర్లు లోపల ఉంటాయి, విరిగితే నిజంగానే అసెంబ్లీ కొనాల్సి వస్తుంది. శుభ్రం చేశాక ఐడిల్ కాస్త తేడాగా ఉంటే కొన్ని కార్లలో సర్దుకోవడానికి కొంత దూరం నడపాలి, కొన్నిటికి స్కానర్‌తో రీలెర్న్ (కంప్యూటర్‌కి థ్రాటిల్ స్థానం మళ్లీ నేర్పడం) చేయించాలి.

సీటు కింద మ్యాట్ తడిగా ఉందా? ఏసీ నీళ్లు పోయే గొట్టమో, సన్‌రూఫ్ మూలల్లోని డ్రెయిన్ గొట్టమో పూడుకుపోయి ఉండవచ్చు. సన్నని నైలాన్ దారం మెల్లగా తోసి శుభ్రం చేయండి. కంప్రెసర్ గాలి గట్టిగా కొడితే గొట్టం లోపలే ఊడిపోతుంది, అప్పుడు పైకప్పు లైనింగ్ విప్పాలి.

గేర్ రాడ్ ఉన్నట్టుండి వదులైపోయి, కదిలిస్తే గేరు పడకపోతే కేబుల్ చివర ఉండే ప్లాస్టిక్ బుష్ విరిగి ఉండే అవకాశం ఎక్కువ. కంపెనీలో కేబుల్ మొత్తం అంటారు, బయట చాలా మోడళ్లకు బుష్ విడిగా దొరుకుతుంది. ఆటోమేటిక్ కారయితే రాడ్ ‘పీ’లో ఉన్నట్టు కనిపించినా గేర్‌బాక్స్ పార్క్‌లో పడకపోవచ్చు. హ్యాండ్ బ్రేక్ వేసి, టైర్ల కింద అడ్డుపెట్టాకే దిగండి.

బంపర్‌ను బిగించే చెవులు విరిగితే సూపర్ గ్లూతో అతికించి లాభం లేదు. బంపర్ లోపలివైపు పీపీ అని అచ్చు ఉంటే అది పాలీప్రొపిలీన్, జిగురు దానికి సరిగా పట్టదు. అదే రకం ప్లాస్టిక్ కడ్డీతో వేడిగా వెల్డింగ్ చేయించాలి. బంపర్ వెనక రాడార్ ఉన్న కార్లలో ఆ చోట లప్పం, పెయింటు మందంగా పూస్తే సెన్సర్ దారి తప్పుతుంది, అక్కడ పొదుపు వద్దు.

పార్టు కొనేటప్పుడు

కారు కంపెనీ పెట్టెలో అమ్మే పార్టుల్లో చాలా వాటిని అది తయారుచేయదు. బాష్, డెన్సో, వాలియో, ఐసిన్, ఎన్‌జీకే లాంటి కంపెనీలు తయారుచేసి ఇస్తాయి, తమ పేరుతోనూ విడిగా అమ్ముతాయి. పాత పార్టు విప్పాక దాని మీద ఎవరి ముద్ర ఉందో, ఏ నంబరు ఉందో ఫోటో తీసుకోండి. అదే తయారీదారు పెట్టెలో అడిగితే తరచూ తక్కువకే వస్తుంది. స్పార్క్ ప్లగ్గులు, ఫిల్టర్లలో నకిలీలు ఎక్కువ కాబట్టి ధర మరీ చౌకగా ఉంటే వెనక్కి తగ్గండి. స్విచ్చులు, అద్దాలు, డోర్ హ్యాండిళ్లు పాత కార్ల స్క్రాప్ నుంచి తెచ్చుకున్నా ఫరవాలేదు. బ్రేకు భాగాలు, రబ్బరు సామాను, సీటు బెల్టులు, ఎయిర్‌బ్యాగులు అక్కడి నుంచి తేకూడదు.

తాకకూడనివి

ఎయిర్‌బ్యాగు వైరింగ్ జోలికి వెళ్లకండి. సాధారణంగా పసుపు రంగు ప్లగ్గులతో ఉంటుంది, స్టీరింగ్ మధ్యలోనూ సీట్ల కింద కూడా. దాని మీద మల్టీమీటర్ పెట్టినా పేలే ప్రమాదం ఉంది. హైబ్రిడ్, ఎలక్ట్రిక్ కార్లలో నారింజ రంగు తీగలు ప్రాణం తీసేంత వోల్టేజ్‌వి. బ్రేకు ఫ్లూయిడ్ గొట్టాలు, స్టీరింగ్ జాయింట్లు, ఇంధన లీకులు, టైరు పక్కగోడ చీలిక, ఇవన్నీ టేపుకీ జిగురుకీ లొంగేవి కావు. రేడియేటర్ లీకుకి డబ్బాలో అమ్మే స్టాప్ లీక్ పోస్తే అది కారు లోపలి హీటర్‌కి వేడినిచ్చే హీటర్ కోర్‌నీ పూడ్చేయవచ్చు. ఇంటికి చేరడానికి తప్ప దాన్ని రిపేరు అనుకోవద్దు. వేడి మీదున్న రేడియేటర్ మూత ఎట్టి పరిస్థితుల్లోనూ తిప్పకండి. జాకీ ఒక్కటే పెట్టి కారు కిందికి దూరకండి, గట్టి నేల మీద జాక్ స్టాండ్లు పెట్టాకే.

మధ్య దారి కూడా ఉంది

మీరు చేయలేని ప్రతి పనీ షోరూమ్‌కే వెళ్లాలని లేదు. ఆల్టర్నేటర్, స్టార్టర్‌లను విప్పి బ్రష్‌లు, బేరింగులు, రెగ్యులేటర్ మార్చేవాళ్లుంటారు. చక్రాలను తిప్పే డ్రైవ్ షాఫ్ట్ మీది రబ్బరు బూటు చిరిగిందని తొలిరోజుల్లోనే చూస్తే బూటు, గ్రీజు మార్పించుకుంటే చాలు. స్టీరింగ్ పూర్తిగా తిప్పినప్పుడు టకటకమని శబ్దం వస్తోందంటే మట్టి లోపలికి పోయి జాయింటు అరిగిపోయినట్టు, అప్పుడు షోరూమ్ చెప్పిందే నిజం.

అసెంబ్లీ మార్చక తప్పదని తేలినా సరే, పని మొదలుపెట్టక ముందే పాత పార్టు నాకు కావాలని జాబ్ కార్డు మీద రాయించండి. రీమాన్యుఫాక్చర్డ్ పార్టు (పాతదాన్ని ఫ్యాక్టరీలో విప్పి బాగుచేసింది) తీసుకుంటే పాతదాన్ని వాళ్లు వెనక్కి తీసుకుంటారు, అప్పుడు విప్పిన చోటే దాన్ని మీకు చూపించమని, నంబరు కనిపించేలా ఫోటో తీసుకోనివ్వమని అడగండి.